ఆధార్ అడిగిన పాలెగాడు

కోడుమూరులో కర్నూలు రోడ్డు మీద విత్తనాలు, ఎరువులు అమ్మే నాగలక్ష్మమ్మ ఎర్రకొండ పాలెగాడని ఊళ్ళో ఒక్కరికీ తెలియదు. నవ్వుతారని దాచిపెట్టిందేమీ లేదు. అడిగినవాడు లేడు, ఆమె చెప్పలేదు, అంతే.

మూడేళ్ళుగా ఆమె ఆ కోటను ఏలుతోంది. అక్కడ ఆమె పేరు ఈరప్ప నాయుడు. మీసం ఉంది, కత్తి ఉంది, కొండ కింద పన్నెండు పల్లెలున్నాయి. ఇదంతా ఒక వెబ్‌సైటులో. ముప్పై మంది దాకా మనుషులు తలా ఒక వేషం కట్టి, వంతులవారీగా రాసుకుంటూ పోయే కథ అది. బొమ్మలుండవు, పాయింట్లుండవు, రాతే ఆట. రాయబారి వేషం వేసినవాడు ఒక ముక్క రాస్తే, దానికి పాలెగాడు ఏమన్నాడో పాలెగాడి వేషం వేసినవాళ్ళు రాయాలి. కథ జరిగేది నాలుగు వందల ఏళ్ళ కిందట. కట్టుబాట్లు మూడే. పోస్టు చేసిన మాట చెరపకూడదు. వంతు వచ్చాక మర్నాడు మధ్యాహ్నం పన్నెండు లోపల బదులు రాయాలి. ఈ కాలపు వస్తువేదీ కథలోకి రాకూడదు. తెచ్చారా, ఆ వేషం ఇంకొకరికి పోతుంది.

ఈ కట్టుబాట్లు చూసుకునే పెద్దమనిషి దావూద్ అని కడపలో లెక్కల మాస్టరు. లెక్కల మాస్టర్లకు మొహమాటం తక్కువ, ఈయనకు అసలే లేదు.

నాగలక్ష్మమ్మను ఇందులోకి దింపింది ఆమె చెల్లెలి కూతురు యామిని. కడపలోనే ఏదో ఇన్‌స్టిట్యూట్‌లో కంప్యూటర్ పాఠాలు చెబుతుంది. మొదటి ఏడాది పెద్దమ్మ పడ్డ తిప్పలన్నీ ఆ పిల్ల ఫోన్లో విన్నది. గంటసేపు రాసిన యుద్ధం కరెంటు పోయి గంగలో కలిసింది. ఇంకోసారి, నాగలక్ష్మమ్మకు మంత్రసాని వేషం కూడా ఉండటంతో, పాలెగాడి బెదిరింపు కాస్తా మంత్రసాని పేరు మీద వెళ్ళిపోయింది. పురుడు పోయాల్సిన మనిషి "నీ తల కోట గుమ్మానికి కడతా" అంటే నిండు చూలాలు ఏమైపోవాలి?

ఆ ఉగాదికి యామిని వచ్చి, దుకాణంలో కంప్యూటర్ ముందు కూర్చుని బ్రౌజర్‌కు మూడు ఎక్స్‌టెన్షన్లు తగిలించింది.

"ఇది చూడు పెద్దమ్మా, నువ్వు కొడతాండంగానే అక్షరం అక్షరం దాచిపెడతాది. కరెంటు పోయినా రాత పోదు. ఇదేమో రంగు పట్టీ. నాయుడుగా రాసేటప్పుడు పైన ఎర్రగా ఉంటాది, మంత్రసానిగా రాసేటప్పుడు పచ్చగా. ఇంక వేషాలు తారుమారు కావు. మూడోది శానా పనికొచ్చేది. చుక్క పెట్టి ఒకటి కొట్టు."

కొడితే, నాయుడు తన ప్రతి మాట చివరా చేసే ప్రమాణం మొత్తం తెర మీద పరుచుకుంది. "ఎర్రకొండ మీద ఆన. ఈరప్ప నాయుడు మాట ఇస్తే కొండ కదలాలి గానీ మాట కదలదు." నాలుగు వేళ్ళతో టైపు చేసే నాగలక్ష్మమ్మకు ప్రాణం లేచొచ్చింది. పిల్ల బస్సెక్కిన మర్నాడే ఆ మూడోదాన్ని దుకాణం పనికీ పెట్టింది. చుక్క పెట్టి రెండు కొడితే, రైతుల వాట్సాప్ గ్రూపులకు రోజూ పంపే కబురు.

"కోటకు వేరే, షాపుకు వేరే పెట్టుకో పెద్దమ్మా. రెండూ ఒగ చోట వద్దు" అని యామిని ఫోన్లో మొత్తుకుంది.

"నా తలకాయలో రెండూ ఒగచోటే నడుస్తాండాయి గదా పాపా. దాంట్లో నడవవా?" అంది ఈమె. నాగలక్ష్మమ్మకు తన మీద తనకున్న నమ్మకం బస్తాల్లో కొలవాల్సిందే. పదిసార్లలో తొమ్మిదిసార్లు అది నిలబడింది కూడా. ఇది పదోసారి కథ.

ఆ రోజు పొద్దున యూరియా లోడు దిగింది. పదిహేను రోజుల తర్వాత దిగిన లోడు. ఎనిమిదింటికల్లా షట్టరు ముందు నుంచి రోడ్డు దాకా వరస. మనుషుల వరస కాదు, చెప్పుల వరస. ఎండకు నిలబడలేక ఎవరి చెప్పులు వాళ్ళు తమ వంతులో విడిచి, ఎదురుగా గోడ నీడకు చేరారు. వేలిముద్ర మిషన్లోకి లోడు లెక్క ఎక్కితే గానీ బస్తా కదపడానికి లేదు. మిషన్ మొరాయిస్తోంది. నాగలక్ష్మమ్మ మొగుడు పుల్లయ్య గోడౌనులో బస్తాలు సర్దుతున్నాడు. ఆమె కౌంటర్ దగ్గర కూర్చుని పొద్దున్నుంచి గ్రూపు తర్వాత గ్రూపుకు చుక్క రెండు, చుక్క రెండు అని కబురు పంపుతూనే ఉంది.

పదయ్యింది. పన్నెండు లోపల నాయుడు బదులు చెప్పాలి. మొన్నటి వంతులో ఆయన భుజంలో బాణం దిగింది. నిన్న సాయంత్రం రాయబారి వచ్చి, కోట అప్పగిస్తే ప్రాణాలు మిగులుతాయన్నాడు. ఆ రాయబారి వేషం చైతన్య అనే కుర్రవాడిది. పాలెగాడి వేషం మీద ఏడాదిగా కన్నేసి ఉన్నాడని అందరికీ తెలుసు.

నాగలక్ష్మమ్మ రాసింది. ఎర్ర పట్టీ చూసుకుంది. బయట ఎవరో చెప్పు జరిపారని గొడవ లేచింది. "ఏమప్పా, లోడు యాడికీ పోదు, ఈడనే ఉండాది, అరవాకండి!" అని కేకేస్తూ, చివర ప్రమాణం కోసం చుక్క కొట్టి, పొద్దుటి అలవాటున రెండు కొట్టి, పోస్టు నొక్కేసింది. తల తిప్పి తెర వైపు చూస్తే ఇలా ఉంది:

"నాయుడు రక్తమోడుతున్న భుజంతోనే లేచి నిలబడ్డాడు. రాయబారి ముఖంలోకి చూస్తూ ఒక్కొక్క మాటే ఒత్తి పలికాడు: యూరియా లోడు వచ్చినది. ఆధార్ కార్డు, పట్టాదారు పాసుపుస్తకం తప్పక తెచ్చుకోగలరు. ఒకరికి రెండు బస్తాలు మాత్రమే. దయచేసి తోసుకోవద్దు."

అరనిమిషంలో కోటలోని ముప్పై మందీ నవ్వులు కురిపించారు. ఒకాయన నాయుడి గుర్రానికి కూడా ఆధార్ కావాలా అని అడిగాడు. తర్వాత దావూద్ మాస్టరు నుంచి నాలుగు ముక్కలు వచ్చాయి. "పోస్టు చెరపడానికి లేదు. పన్నెండు లోపల కథలోనే దీనికి కారణం చూపిస్తే సరి. లేదా ఎర్రకొండ పాలెం రేపటి నుంచి చైతన్యది."

యామిని ఫోన్. కడపలో తనూ ఆ పోస్టు చూసింది. "పెద్దమ్మా, మాస్టర్‌ను బతిమాలుకో. షాపులో గలాటాగా ఉండాది, తెలీక పడిందని చెప్పు. పాపం అనుకుంటాడు."

"ఈరప్ప నాయుడు బతిమాలుకోడు. నువ్వు ఫోను పెట్టు" అంది నాగలక్ష్మమ్మ.

ఆ కోట పోతే ఆమెకు పోయేదేమిటో ఆమెకే తెలుసు. ఊళ్ళో ఆమె పుల్లయ్య పెళ్ళాం, ఎరువులక్క, రెండు బస్తాలకు మూడు ఇవ్వమంటే ఇవ్వని మొండి మనిషి. పదో తరగతితో చదువు ఆగిపోయిన ఆమె మాట కోసం ముప్పై మంది కాచుకుని కూర్చునేది ఆ ఒక్క చోటే. అక్కడ ఆమె రాస్తే పన్నెండు పల్లెలు బతుకుతాయి. దాన్ని ఒక తప్పు అంకెకు వదులుకోవడం ఆమెకు ఏడుపు తెప్పించింది. ఏడవలేదు. మంచినీళ్ళ చెంబు తీసుకుని బయటికి వచ్చింది.

గోడ నీడ కుంచించుకుపోయింది. దాని చివర నబీ సాహెబ్ ఒంటికాలి మీద నిలబడి ఉన్నాడు. ఆరు ఎకరాల మెట్ట, అరవై ఏళ్ళ మనిషి. ఒక కాలికే చెప్పు ఉంది. చెప్పులేని పాదాన్ని రెండో పాదం మీద ఆనించుకున్నాడు.

"ఏమన్నా, ఇంగో చెప్పు యాడ?" అందామె చెంబు అందిస్తూ.

"లైన్లో ఉండాది తల్లీ. అందరూ రెండూ ఇడిసినారు. నాకు నీడలో చోటు దొరకల్యా, కాళ్ళు కాలుతాండాయి. అందుకని ఒగటి నా తరపున ఆడ నిలబడుకోనుండాది, ఒగటి నన్ను ఈడ నిలబెట్టుకోనుండాది." నీళ్ళు తాగి మూతి తుడుచుకుని నవ్వాడు. "మొక్కజొన్న పచ్చగయ్యేదాకా నేను నల్లగయితే ఏముండాదిలే."

నాగలక్ష్మమ్మ ఆ ఒంటి చెప్పును వెతికింది. వరసలో పద్దెనిమిదోది. తోలు చెప్పు, మడమ దగ్గర తీగతో కుట్టు. దాన్ని చూస్తూ ఒక నిమిషం నిలబడి, చెంబు అక్కడే పెట్టి, లోపలికి దాదాపు పరుగెత్తింది.

ఈసారి వేళ్ళు వెతుక్కోలేదు. నాయుడికి బాణపు జ్వరం తలకెక్కిందని రాసింది. సగంలో కరెంటు పోయింది. ఫ్యాను ఆగింది, తెర నల్లబడింది, బయట మిషన్‌ను, దాన్ని కనిపెట్టినవాణ్ణి కలిపి తిట్టారు. గడియారంలో పదకొండూ పది. నాగలక్ష్మమ్మ చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. గాభరా పడలేదు. పడి ఉంటే ఏమి చేసేది? ఫోన్లో రాయడానికి ఆమె కంటికి ఆ అక్షరాలు ఆనవు. పదకొండూ నలభైకి కరెంటు వచ్చింది. బ్రౌజర్ తెరవగానే రాసిన ప్రతి అక్షరమూ, సగంలో విరిగిన మాటతో సహా, ఎర్ర పట్టీ కింద తన కోసం కాచుకుని ఉంది. "నా బంగారు తల్లీ" అని కడపలో ఉన్న యామినిని గట్టిగా పొగిడి, మిగతాది పూర్తి చేసింది.

"నాయుడు రాయబారిని చూస్తున్నట్టే ఉన్నాడు గానీ ఆయన కళ్ళకు కనబడుతున్నది వేరు. ఎర్రకొండ ఉంది, కోట లేదు. కొండ కింద ఒక కొట్టు, కొట్టు ముందు తన జనం. వాళ్ళ చేతుల్లో కత్తులు లేవు, కాగితాలున్నాయి. ఈ నేల వాళ్ళదేనని ఆ కాగితాలు చెబితేనే రెండు బస్తాలట. ఎండకు మనుషులు నిలబడలేక చెప్పులను నిలబెట్టారు. ఒక ముసలివాడికి ఒక కాలికే చెప్పుంది. ఆ కొట్టులోంచి ఎవరో చెబుతున్న మాటలే నాయుడి నోట వచ్చాయి. అర్థం ఆయనకూ తెలియదు. జ్వరం దిగి కళ్ళు తెరిచాక రాయబారితో అన్నాడు: నాలుగు వందల ఏళ్ళ తర్వాత నా జనం ముందర నేనుండను. ఈ రోజు ఉన్నాను. గాదెలు తెరవండి. నా గుమ్మం ముందు ఎవడి కాలూ కాలకూడదు. కోట కావాలంటే మీ దొరను కూడా వచ్చి ఆ వరసలో నిలబడమను."

చివర చుక్క పెట్టి, ఒకటి అంకెను కంటితో చూసి, వేలితో నొక్కింది. ప్రమాణం పరుచుకుంది. మళ్ళీ ఒకసారి చదివి, పన్నెండుకు ఎనిమిది నిమిషాలుండగా పోస్టు చేసింది.

తీర్పు కోసం ఆమె కూర్చోలేదు. మాట ఇచ్చిన మనిషి కూర్చోకూడదు. గోడౌను గుమ్మంలోకి వెళ్ళి, మూడేళ్ళుగా తెర మీదే వాడిన గొంతు మొదటిసారి నోటితో వాడింది.

"ఏమయ్యా! లోడు మీద కప్పిన పెద్ద పట్ట యాడుండాది? తీస్కరా. షట్టరు కాడి నుంచి కరెంటు స్తంభం దాకా కట్టు. గోడౌన్లో ముందర బాగం ఖాళీ చెయ్యి, జనాలు లోపల కూసుంటారు. చెప్పుల వరస ప్రకారం చీటీలు నేను రాసిస్తా."

పుల్లయ్య నోరు తెరిచాడు. ముప్పై ఏళ్ళ సంసారంలో ఎప్పుడు నోరు తెరవాలో, ఎప్పుడు మూయాలో నేర్చుకున్నవాడు కాబట్టి మూశాడు. పట్ట మోసుకొచ్చాడు. నలుగురు రైతులు తాళ్ళు పట్టుకున్నారు.

ఒకటో నంబరు నుంచి చీటీలు రాస్తుండగా ఫోన్ మోగింది. యామిని నవ్వుతోందో ఏడుస్తోందో తెలియడం లేదు. "పెద్దమ్మా, మాస్టరు 'కారణం చెల్లింది' అని పెట్టినాడు! చైతన్య ఏం రాసినాడో ఇను. రాయబారి తన చెప్పొకటి ఇడిసి, కోట గుమ్మం ముందర వరసలో పెట్టినాడంట!"

నాగలక్ష్మమ్మకు కళ్ళు నిండాయి. చీటీ మీద పడకుండా కొంగుతో ఒత్తుకుంది.

"ఇప్పుడన్నా వేరే వేరే పెట్టుకో పెద్దమ్మా, షాపుదీ కోటదీ."

"వద్దులే పాపా. కలిసే ఉండనీ."

ఫోన్ పెట్టి, పద్దెనిమిదో నంబరు చీటీ రాసి, "నబీ అన్నా!" అని పిలిచింది. నబీ సాహెబ్ ఒంటి చెప్పుతో కుంటుకుంటూ వచ్చి చీటీ అందుకున్నాడు. పైన కట్టిన పట్టను ఒకసారి, ఆమెను ఒకసారి చూశాడు. తర్వాత వరసలోంచి తన చెప్పు తీసుకుని, కాలికి తొడుక్కుని, లోపలికి వచ్చి కూర్చున్నాడు.