ఎందాకా

కొత్త బూట్లు వద్దండీ, పాతవే వేసుకెళ్ళండి అని కౌంటరు దగ్గరికొచ్చిన ప్రతి ఒక్కరికీ చెప్పే నోరే కదా ఇది, మరి తన కాళ్ళకు ఇవెందుకు తొడిగినట్టు, అందులోనూ ఇవాళే... అప్పలనరసింహం బల్ల కింద ఎడమ మడమను బూటులోంచి సగం బయటికి లాగి, మళ్ళీ లోపలికి తోశాడు. చర్మం లేచినట్టుంది. తడిగా తగిలింది. రక్తమో చెమటో వంగి చూసుకోవాలనిపించలేదు. చూస్తే అది నిజమైపోతుంది.

బల్లకు అవతల సంహిత తన ఫోనులోంచి చూడవలసిన చోట్ల పేర్లు చదువుతోంది. ఊళ్ళో ప్రైవేటు కాలేజీలో లెక్కలు చెప్తుందామె. వచ్చే నెల భర్తతో సింగపూరు వెళ్ళి నాలుగు రోజులు ఉండాలని బుకింగు. తెల్లారి లేచింది మొదలు పడుకునేదాకా ఖాళీ లేకుండా రాసుకుంది. పరీక్షల టైమ్‌టేబులులా ఉంది.

“అన్నీ చూసేయాలనుకోకండమ్మా,” అన్నాడు. “రోజుకొకటి పెట్టుకోండి. మొదటిరోజు అదీ వద్దు. హోటలు చుట్టుపక్కల ఊరికే నడిచి రండి. రైలు స్టేషనెక్కడుంది, టీ ఎక్కడ దొరుకుద్ది, అంతే.”

“అంత ఖర్చు పెట్టుకుని ఎల్లి ఊరికే నడవడమేటండీ?”

“ఊరికే నడవడానికే అంత దూరం ఎల్లాలండి. ఇక్కడ నడిస్తే అడుగడుక్కీ ఎవరో ఒకరు పలకరిస్తారు కదా.”

సంహిత నవ్వింది. మాట బయటికొచ్చాక అతనికే ఉలుకు పుట్టింది. పలకరిస్తారా? ఎవరు?

మిగతావి అలవాటుగా చెప్పుకుపోయాడు. హోటలు కార్డు ఎప్పుడూ జేబులో ఉండాలి, దారి తప్పితే టాక్సీవాడికి చూపించడమే. పాస్‌పోర్టు జిరాక్సు వేరే సంచిలో పెట్టుకోవాలి. సామాను ఎంత తక్కువైతే అంత సుఖం. మధ్యాహ్నం ఎండలో తిరక్కుండా గదికొచ్చి నడుం వాల్చాలి. సాయంత్రం ఏదైనా పార్కులో బెంచీ చూసుకుని, ఫొటోలు తీయకుండా, ఎవరితోనూ మాట్లాడకుండా ఓ గంట కూర్చోవాలి. ఏదైనా అయితే కబురు చెయ్యడానికి మనవాళ్ళ నంబరొకటి కాగితం మీద రాసి పర్సులో ఉంచుకోవాలి.

“మీరెన్నిసార్లు ఎల్లారండీ?” అని అడిగిందామె.

“నేనిక్కణ్ణించే తిరుగుతుంటానండి,” అన్నాడు. ఈ రాత్రే విమానమని చెప్పలేదు.

అబీద్ సెంటరులో మందుల షాపు పక్కన, రెండు బల్లలకే నిండిపోయే గది అది. గోడ మీద రెండు గడియారాలు. ఒకటి నర్సీపట్నానిది, ఒకటి సింగపూరుది. రెండోది రెండున్నర గంటలు ముందు నడుస్తుంది. ఏళ్ళ తరబడి అది అతనికి వాల్‌పోస్టరుతో సమానం. ఇవాళ మాత్రం తలెత్తినప్పుడల్లా, తను ఇంకా బతకని రెండున్నర గంటల్ని అక్కడెవరో అప్పుడే వాడి పారేసినట్టు కనిపించింది.

ఈ రాత్రి సింగపూరు వెళ్ళే గుంపులో అతని సీటు, ఆఫీసు యజమాని రమణబాబు ఇచ్చినది. గుంపులో ఒకాయన మానుకున్నాడు, డబ్బు వెనక్కి రాదు. “బాబాయ్, ఇన్నేళ్ళూ అందర్నీ పంపావు, ఓసారి నువ్వూ ఎల్లు,” అన్నాడు నెల కిందట. కాదనడానికి కారణం చెప్పాలి. అవుననడానికి అక్కర్లేదు. అందుకని తలూపాడు. ఆ రాత్రినుంచీ ఒకే ఆలోచన, బయల్దేరేటప్పుడు ఎవరూ ఆ మాట అడక్కూడదు.

ఆ మాట అతని నోట్లోంచి పోయి చాలా కాలమైంది. ఉద్యోగంలో చేరిన మొదటి ఉదయం, తొలి బేరంగా వచ్చిన మనిషిని “ఎక్కడికండీ?” అని అడిగాడు. రమణబాబు తండ్రి, అప్పటి యజమాని, చేతిలోని కలం బల్లకేసి కొట్టాడు. “ట్రావెల్సు ఆఫీసులో కూసోని ఎక్కడికంటావేట్రా? ఆడు తిరిగి రావాలా వద్దా? ఎందాకా అనాల!” వచ్చిన మనిషి ముఖం మాడ్చుకుని, కాసేపు కూర్చుని, మంచినీళ్ళు తాగి, మళ్ళీ అడిగించుకుని గాని టిక్కెట్టు తీసుకోలేదు. నరసింహం ఆ రోజునుంచి ఎందాకా అనే అంటున్నాడు. నాలుకకు ఆ మాటే అలవాటైపోయింది. ఇంట్లో కూడా.

భార్య వెంకటదుర్గ గొలుగొండలోని పుట్టింటికి వెళ్ళిపోయిన పొద్దున, గుమ్మంలో సంచి పట్టుకుని నిలబడింది. ఏదో అడుగుతాడని నిలబడిందని అతనికి తెలుసు. ఏమడగాలో కూడా తెలుసు. “ఎందాకా?” అన్నాడు, కౌంటరు దగ్గర అన్నట్టే మెత్తగా, మర్యాదగా. ఆమె అతన్ని చాలాసేపు చూసి, “టిక్కెట్టు రాస్తావేటి?” అని మెట్లు దిగింది. తిరిగి రాలేదు. గొలుగొండ పట్టుమని గంట ప్రయాణం లేదు. ఆ తరవాత అతను సామాను తక్కువ పెట్టుకున్నాడు. ఒక మంచం, ఒక కంచం, తలుపు వెనక చక్రాల సంచి. సాయంత్రాలు బస్‌స్టాండులో బెంచీ మీద ఎవరితోనూ మాట్లాడకుండా ఓ గంట కూర్చునేవాడు. పర్సులో కాగితం మీద నంబరు ఆఫీసుదే రాసుకున్నాడు. ఏదైనా అయితే ఎవరో ఆ నంబరుకు ఫోను చేస్తారు. అక్కడ ఫోనెత్తేది తనే.

మూడు దాటాక రమణబాబు మందలించాడు. “ఇంకా కూసున్నావేటి బాబాయ్? బేగి ఎల్లు, బస్సు తప్పిపోద్ది.” నరసింహం కళ్ళజోడు తుడుచుకుని, కుర్చీని బల్ల కిందికి తోసి, బయటికి నడిచాడు. మందుల షాపతను చూసి తలూపాడు. సంచి చేతిలో లేదు కదా, ఏమడుగుతాడు?

తను ఉండే గదిలో సంచి మరోసారి సర్దుకుని తాళం వేశాక తెలిసింది, ఆ లోపే వెనక సందు తవ్వేశారని. కాలువ పైపుల కోసం అడ్డంగా గొయ్యి, అటూ ఇటూ మట్టి గుట్టలు. ఇక మిగిలిన దారి ఒకటే, జోగులమ్మ అరుగు ముందునుంచి.

జోగులమ్మకు చూపు ఆనదు. పొద్దుగూకులూ అరుగు మీద గోడకు చేరబడి, కాళ్ళు చాపుకుని, అడుగుల చప్పుడు వింటూ ఉంటుంది. ఎవరు పోతున్నా, “ఎవులది? ఎక్కడికి బావూ?” అంటుంది. పెళ్ళిచూపులకు వెళ్ళేవాళ్ళు, పరీక్షలకు వెళ్ళేవాళ్ళు, ఆసుపత్రికి వెళ్ళేవాళ్ళు అందరూ ఆ నోటికి భయపడి వెనక సందు పట్టారు. పొరపాటున అటు వెళ్ళినవాళ్ళు తిట్టుకుంటూ ఇంటికి తిరిగొచ్చి, కాళ్ళు కడుక్కుని, నీళ్ళు తాగి మళ్ళీ బయల్దేరేవారు. తిరిగిపోతున్న అడుగుల వెనక ఆవిడ కేక వేసేది, “అపశకునమైతే ఇక్కడే కూసోని నీలు తాగెల్లండర్రా,” అని. అది పుండు మీద కారంలా ఉండేది వాళ్ళకు. పక్కనే ఎప్పుడూ ఓ కంచు చెంబు, దాని మీద బోర్లించిన గ్లాసు. నరసింహం ఈ సందులోకి వచ్చిన కొత్తలో రెండుమూడు సార్లు ఆ గొంతు విన్నాడు. తరవాత ఆఫీసుకు పోయే మామూలు రోజుల్లో కూడా చుట్టుతిరిగే పోయాడు.

చక్రాల చప్పుడు కాకుండా సంచిని ఎత్తి పట్టుకున్నాడు. ఊపిరి బిగబట్టాడు. బూట్లు మాత్రం కిర్రుమన్నాయి. సందులో మనుషులెవరూ లేరు, అందరి తలుపులూ ఎండకు మూసి ఉన్నాయి. అరుగు దగ్గరకొచ్చాడు. మెడ వెనక ఆ ప్రశ్న పడే చోటు చల్లబడింది. అరుగు దాటాడు.

ఏ మాటా రాలేదు.

ఆగకుండానే పక్క చూపు చూశాడు. జోగులమ్మ తల గోడకు ఆనించి ఉంది. ముఖం సందు వైపే ఉంది. నోరు కొంచెం తెరుచుకుంది. కనుబొమ మీద ఈగ ఒకటి ఇటునుంచి అటు నడుస్తోంది. అతను చూశాడు. నిద్ర అనుకున్నాడు. అనుకోవడం కాదు, నిర్ణయించుకున్నాడు. బూట్లు కొత్తవి కదా, అడుగు పోల్చుకుని ఉండదు అని కూడా తనకు తాను చెప్పుకున్నాడు. మలుపు తిరిగాక సంచిని కింద దించి చక్రాల మీద లాగాడు. గండం గడిచిందనే అనుకున్నాడు.

బస్సుల కాంప్లెక్సు దాకా నడిచాడు. రోజూ టీ తాగే కొట్టతను సంచి వైపు చూసి, మళ్ళీ పాల గిన్నె వైపు చూశాడు. ఆటోవాళ్ళు పక్కకు జరిగి దారిచ్చారు. రోజూ కూర్చునే బెంచీ మీద ఎవరిదో బియ్యం మూట ఉంది. ఎవరూ అడగలేదు. తను కోరుకున్నది అదే. నెల రోజులుగా కోరుకున్నది అచ్చంగా దొరుకుతుంటే, అడుగులు నెమ్మదించాయి. ఇన్నేళ్ళలో ఈ ఊళ్ళో ఆ మాట తనను అడిగిన గొంతులెన్ని? ఒక్కటే. దాన్ని తప్పించుకోవడానికే చుట్టుదారి పట్టాడు.

విశాఖపట్నం బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాడు. కండక్టరు మిషను నొక్కుకుంటూ వచ్చి, తలెత్తకుండానే అడిగాడు.

“ఎక్కడికండీ?”

వచ్చేసింది. నరసింహం బిగుసుకుపోయాడు. ఏమీ జరగలేదు. ఆ మాట వెనక మనిషి లేడు. తను ఇన్నేళ్ళూ మెత్తగా, మర్యాదగా అంటున్న మాట వెనకా లేడు. వెంకటదుర్గకు అది గుమ్మంలోనే తెలిసిపోయింది. కండక్టరు రెండోసారి అడిగాడు. నరసింహానికి కనుబొమ మీద ఈగ కనిపించింది. దాన్ని తోలుకోని చెయ్యి కనిపించింది. ఒళ్ళో అరచెయ్యి పైకి తిరిగి ఉంది. అది కూడా చూశాడు తను. అన్నీ చూసే వచ్చాడు.

“దిగిపోతానండి,” అన్నాడు.

సందులోకి వచ్చేసరికి ఎండ అరుగు సగందాకా ఎక్కింది. అది జోగులమ్మ పాదాల మీదికి వచ్చినా ఆవిడ కాళ్ళు ముడుచుకోలేదు. జేబులో ఫోను మోగింది. రమణబాబై ఉంటాడు, బస్సెక్కావా అని. మోగి మోగి ఆగింది. నరసింహం సంచిని సందు మధ్యలో నిలబెట్టాడు. బూట్లు విప్పాడు. ఎడమ మేజోడు మడమకు అంటుకుపోయి ఉంది. దాన్ని లాగలేదు. అరుగెక్కి, ఆవిడ ముఖం మీద ఈగను తోలాడు. చేతిని తాకాడు. ఎండ తగులుతున్న చెయ్యి చల్లగా ఉంది. పక్కింటి తలుపు కొట్టాలి. ఎవరినో పిలవాలి. ఇక్కడ పెద్దదిక్కు ఎవరో, ఎవరికి కబురు చెయ్యాలో అతనికి తెలియదు.

ముందు పక్కన కూర్చున్నాడు. గొంతు సవరించుకున్నాడు. ఆ మాట నాలుక దాకా వచ్చి, అలవాటుగా ఎందాకా అయిపోబోయింది. దాన్ని మింగాడు.

“ఎక్కడికి జోగులమ్మా?” అని అడిగాడు.

ఇద్దరి మధ్యా కంచు చెంబు, దాని మీద బోర్లించిన గ్లాసు, ఆ కిందంతా పొద్దుట ఆవిడ నింపుకున్న నీళ్ళు, అంచుదాకా, గుక్కెడైనా తగ్గకుండా.