పెంకు కింద మొలక

అమెరికాలోని అయోవాలో ఆ వసంతమంతా వానే. పొరుగు ట్రాక్టర్లు చేలల్లోకి దిగడం చూసి ఆర్డిస్‌కు కాలు నిలవలేదు. పల్లపు చేలో మన్ను పిడికిట పట్టి బొటనవేలితో నొక్కింది. పొడిపొడిగా విడిపోవాల్సింది పోయి కలిపిన పిండిలా సాగింది. తడి ఆరలేదు, విత్తే పదును రాలేదన్నమాట. ఎవరైనా చూశారేమోనని ఆ ముద్దను అవతలికి విసిరేసి, మొక్కజొన్న విత్తేసింది.

కౌలుదారుకు ఓపిక పట్టే హక్కెక్కడిది? భూమి షెల్బర్గ్‌ది. ఆయన కారు నిదానంగా నడుపుతూ ఎవరి సాళ్ళు పచ్చబడ్డాయో, ఎవరివి బోసిగా ఉన్నాయో చూసుకుంటూ పోతాడు. బోసిగా కనబడితే మరుసటి ఏడు చేను ఇంకొకడిది. మన్నును చూసి విత్తేవాళ్ళు ఎందరు? అందరూ యజమాని కళ్ళను చూసే విత్తుతారు.

విత్తాక ఒక కుండపోత, దాని వెనకే మాడ్చేసే ఎండ. పైమన్ను పెంకు కట్టింది.

ఆర్డిస్ మోకాళ్ళ మీద కూర్చుని జేబుకత్తితో ఒక పెంకు లేపింది. కింద మొలక పాములా మెలికలు తిరిగి, వెలుగు చూడకుండానే ఆకు విప్పుతోంది. ఇలాగే వదిలేస్తే అది ఇక పైకి రాదు.

"బతికున్నాయా?" అన్నాడు భర్త డువేన్.

"బతికే ఉన్నాయి. గోతిలో."

"వానొస్తుందంటున్నారుగా, మెత్తబడుతుంది. ఆగవే!"

"రాకపోతే? నువ్వొచ్చి ఊదుతావా మెత్తబడేదాకా?"

"గుంటక తోలితే పెంకుతో పాటు సగం మొలకల మెడలు విరుగుతాయి."

"తోలకపోతే అన్నీ చస్తాయి. జరుగు."

ముళ్ళ చక్రాల గుంటక తగిలించి ట్రాక్టరెక్కింది. పెంకులు చిట్లుతుంటే ఆ చప్పుడు ఆమెకు ఎముకలు విరిగినట్టే వినిపించింది. రెండో సాలు తిరిగేసరికి రోడ్డు మీద షెల్బర్గ్ కారు ఆగి ఉంది.

"ఏమ్మా, విత్తిన చేను మళ్ళీ గీకుతున్నావేం?"

కలుపు తీస్తున్నానంటే సరిపోయేది. అందరూ చెప్పే అబద్ధమే అది. నాలుక దాకా వచ్చింది కూడా.

"తడిలో విత్తాను. పెంకు కట్టింది. మొలకలు పైకి రాలేకపోతున్నాయి."

"ఆ పక్క చేను రాడ్నీ తడి ఆరేదాకా ఆగాడు, ఇంకా విత్తనే లేదు. పోయినేడు ఈ చేను అడిగాడు కూడా."

ఆర్డిస్ ఇంజను ఆపేసింది. దిగి వెళ్ళి కారు తలుపు పట్టుకుంది.

"దిగండి, షెల్బర్గ్ గారూ. అక్కడ కూర్చుంటే ఏం తెలుస్తుంది?"

ఆయన తన బూట్లను చూసుకున్నాడు. చేనును చూశాడు. దిగలేదు.

"ఎన్ని లేస్తాయంటావ్?"

"తెలీదు."

"శనివారం వస్తా. మొలకలు నేనే లెక్కేసుకుంటా."

కారు కదిలింది. చేను గట్టు మీంచి డువేన్ ఏదో అరుస్తున్నాడు, వినబడలేదు. ఆర్డిస్ మళ్ళీ ట్రాక్టరెక్కింది. స్టీరింగును గట్టిగా పట్టుకుని మళ్ళీ గుంటక తోలింది. ఎన్ని మొలకల మెడలు విరిగాయో కళ్ళతో చూస్తే చెయ్యి ఆగిపోతుందని భయం. చివరి సాలు దాకా వెనక్కి తిరిగి చూడలేదు.