ఏటి ఒడ్డు రిసార్టూ మా చెల్లెలూ

నాకు కుళ్ళు అని మా ఆయన అంటాడు. అననివ్వండి. ఆయనకేం, ఆయనకి చెల్లెలు లేదు.

మాది గుడారాలూ పరదాలూ కుట్టే దుకాణం. లారీల మీద కప్పే టార్పాలిన్లు, కొట్ల ముందు ఎండకి కట్టే పరదాలు, పడవల మీది ముసుగులు, ఏది కావాలన్నా కుడతాం. ముందు గదిలో రెండు పెద్ద మిషన్లు. నేల నిండా కాన్వాసు పరిచి, దాని మీద మోకాళ్ళతో పాకుతూ సుద్దతో గీతలు గీసేది నేను. వెనక గదిలో ఉండేది మా చెల్లెలు. కాపురం చెడి తిరిగొచ్చిన రోజున "కొన్నాళ్ళుండవే" అన్నాను. ఆ కొన్నాళ్ళు అలా సాగుతూనే ఉన్నాయి. ఆ గదిలో దాని మంచం వేస్తే తలుపు సగమే తెరుచుకుంటుంది. మిగతా చోటంతా నా కాన్వాసు చుట్టలదే. ఇరుకుగా ఉందక్కా అని అది ఒక్కసారైనా అని ఉంటే నాకు ఎంత హాయిగా ఉండేదో. అనదు. పక్కకి ఒదిగి, కడుపు లోపలికి పీల్చి, నవ్వుతూ ఆ సందులోంచి బయటికొస్తుంది.

దూరాన పెద్ద ఊళ్ళో గుడారాల ఫ్యాక్టరీ ఒకటుంది. వాళ్ళు దాన్ని ఎన్నోసార్లు పిలిచారు. హాస్టల్లో నలుగురితో కలిసి ఒక గది, పొద్దస్తమానం మిషను. "అక్కని వదిలి నేనెక్కడికి పోతాను" అనేసేది. ఆ మాట విని ఊరంతా మురిసిపోయేది. నా చెల్లెలు నా మీద ప్రేమ చూపిస్తే, మెచ్చుకోలు దానికే.

పని నేర్పింది ఎవరు? నేను. సూదిలో మైనం దారం ఎక్కించడం దగ్గర్నుంచి అంచున ఇత్తడి రింగులు కొట్టడం దాకా చెయ్యి పట్టి నేర్పాను. ఇప్పుడు కొట్టు ముందు ఎవరాగినా నా ముఖం చూసి, "మీ చెల్లెమ్మ లేదా అండీ?" అంటారు. ఉన్నాను కదయ్యా నేను, నిలువెత్తు మనిషిని.

ఇలా ఉండగా ఎవరో కంపెనీవాళ్ళు దిగారు. ఏటి ఒడ్డున ఊరికి చెందిన ఖాళీ జాగాలో క్యాంపింగ్ రిసార్టు పెడతామన్నారు. గుడారాలు వేస్తారట, ఇళ్ళంతేసి క్యారవాన్ బళ్ళు వచ్చి ఆగడానికి చోటిస్తారట, వాటికి నీళ్ళూ కరెంటూ ఇస్తారట. ఊరు నిలువునా చీలిపోయింది. మందుల షాపాయన వద్దనేవాళ్ళకి పెద్ద. "చెత్త మనకి, డబ్బు వాళ్ళకి. రాత్రంతా పాటలూ అరుపులూ, మన ఏట్లో మనం కాలు పెట్టాలన్నా టికెట్టు" అనేవాడు. బేకరీ ఆవిడ రావాలంటుంది. "బేరాల్లేక బన్నులు నేనే తింటున్నాను, నన్ను చూస్తే తెలియట్లా?" అని తన ఒళ్ళు తనే చూపించేది.

నేను మొదట బేకరీ ఆవిడ పక్షమే. గుడారాలండీ, గుడారాలు. ఊళ్ళో గుడారం కుట్టేది నేను తప్ప ఎవరున్నారు? మందుల షాపాయనకి పనీ పాటా లేదని నలుగురిలో అన్నాను కూడా.

కంపెనీ మనిషి ఒక ఉదయం మా కొట్టుకొచ్చాడు. సన్నగా, నెమ్మదిగా మాట్లాడే మనిషి. నేను కుట్టిన గుడారం ఒకటి, చెల్లెలు కుట్టింది ఒకటి ముందు పెట్టాను. అందరూ బయటి కుట్టు చూస్తారు. వీడు తిరగేసి లోపలి కుట్టు చూశాడు. తర్వాత బకెట్టుతో నీళ్ళడిగాడు. నేనూ చెల్లెలూ మా ఆయనా మూలలు పట్టి ఎత్తితే, కుట్టు మీద గుంటలా చేసి నీళ్ళు పోశాడు. చెల్లెలి గుడారం చుక్క కార్చలేదు. నాది కాసేపు ఊరుకుని, ఒక చోట చెమర్చి, టప్పుమని ఒక చుక్క మా ఆయన పాదం మీద రాల్చింది. ఆయన కాలు వెనక్కి లాక్కున్నాడు. ఆ మనిషికి బుద్ధుంటే కాలు కదపకుండా నిలబడేవాడు.

"అది పాత గుడ్డండీ, అందుకే" అంది చెల్లెలు గబగబా. "నాకు నేర్పింది అక్కే."

రెండూ ఒకే తానులోవని ఆ కంపెనీ మనిషికి తెలీదా? తెలుసు. నవ్వి ఊరుకున్నాడు. వెళ్ళేముందు పని దానికే ఇస్తానన్నాడు. రిసార్టులో గుడారాలు కుట్టే షెడ్డు మొత్తం అదే చూసుకోవాలి. షెడ్డు పక్కనే రెండు గదుల ఇల్లు, ముందు వరండా, వరండాలో కూర్చుంటే ఎదురుగా ఏరు. నా వైపు తిరిగి, "పని ఎక్కువైతే మీకూ పంపిస్తాం" అన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

ఆ సాయంత్రం చెల్లెలు చేతిలో నీలం గుడ్డ ముక్కతో వచ్చింది. "అక్కా, ఇది మిగిలింది కదా. కిటికీకి కర్టెను కుట్టుకోనా? అక్కడ కిటికీలు పెద్దవట."

"కుట్టుకో" అన్నాను పళ్ళ బిగువున.

"తలుపు పూర్తిగా తెరుచుకునే గదిలో పడుకుని ఎన్నాళ్ళయిందో" అంది. ఇన్నేళ్ళలో అది ఇరుకు మాటెత్తడం అదే మొదటిసారి, అదీ సంతోషంతో. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. దానికి వరండా, నాకు వాళ్ళ మిగులు పని. పొద్దున్నే లేచి మందుల షాపుకి వెళ్ళి, "నేను మీ వైపు" అన్నాను. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుని చూశాడు.

జాగా ఊరిది కాబట్టి, కావాలో వద్దో తేల్చడానికి ఊరి హాల్లో సభ పెట్టారు. మా దగ్గర ఓటు చీటీలూ పెట్టెలూ లేవు. కావాలనేవాళ్ళు లేచి కిటికీల వైపు నిలబడాలి, వద్దనేవాళ్ళు గోడ వైపు. రిటైరైన హెడ్మాస్టరు తలలు లెక్కపెడతాడు. ఎవరు ఎటు నిలబడ్డారో అందరికీ కనబడుతుంది, మర్నాడు అదే ముఖాలతో పాలు కొనుక్కోవాలి. అందుకే ఆఖరు దాకా మనుషులు అటూ ఇటూ జరుగుతూనే ఉంటారు. ఆ రోజు కిటికీల వైపు జనం బాగా ఎక్కువున్నారు. చెల్లెలు బేకరీ ఆవిడ పక్కన నిలబడి ఉంది. ఆ ముఖంలో వెలుగు చూస్తే నాకు ఒళ్ళు మండింది.

నేను లేచాను. ఏం మాట్లాడాలో అనుకోలేదు. చెత్త గురించీ, గోల గురించీ మందుల షాపాయన అప్పటికే చెప్పేశాడు, ఎవరూ కదల్లేదు.

"మీకు ఏరంటే తెలీదు" అన్నాను. "మేం చిన్నప్పుడు దిగువన వంపు దగ్గర ఉండేవాళ్ళం. ఒక రాత్రి ఏరు ఇంట్లోకొచ్చింది. చప్పుడుండదు. మంచం కింద చెప్పులు తేలుతుంటే తెలిసింది. గొంతు దాకా నీళ్ళు. ఇదిగో, ఈ చెల్లెల్ని భుజాల మీద కూర్చోబెట్టుకుని తెల్లారేదాకా నిలబడ్డాను. దీని కాళ్ళు నా మెడకి చుట్టుకుని ఉన్నాయి. రేపు ఆ గుడారాల్లో పసిపిల్లలు పడుకుంటారు. వాళ్ళనెవరు ఎత్తుకుంటారు?"

చెప్తూ చెప్తూ నాకే కళ్ళ నీళ్ళు తిరిగాయి. నిజం చెప్పాలంటే ఆ ఏడాది నీళ్ళు మా ఇంటి మెట్టు కూడా దాటలేదు. మేం వంపు దగ్గర ఉండగా చూసినవాళ్ళు ఆ హాల్లో ఎవరూ లేరు. చెల్లెలికా, అప్పటికి ఊహ కూడా తెలీదు.

కొందరు గోడ వైపు జరిగారు. ఇంకా చాల్లేదు. అప్పుడు చెల్లెలు బేకరీ ఆవిడ చెయ్యి విడిపించుకుంది. హాలు మధ్యలోంచి నడిచొచ్చి నా పక్కన నిలబడింది. "ఇల్లొచ్చే మనిషే వద్దంటుంటే మనదేముంది" అని ఎవరో అన్నారు. దాని వెనకే బిలబిలమంటూ వచ్చేశారు. హెడ్మాస్టరు లెక్కపెట్టాల్సిన అవసరం కూడా లేకపోయింది.

గెలిచింది నేను. బయట మెట్ల మీద అందరూ చుట్టుముట్టింది దాన్ని. ఎంత త్యాగం, ఎంత మనసు అని. మందుల షాపాయన దానికి నమస్కారం పెట్టాడు. నాకు పెట్టలేదు.

వారం తిరక్కుండా అది ఫ్యాక్టరీకి కబురు పెట్టింది. ఈసారి అక్కని వదిలి ఎలా పోతాననలేదు. ఆ గదిలో మళ్ళీ పడుకోలేనక్కా అంది, అంతే. బస్టాండుకి నేనే తీసుకెళ్ళాను. అది కిటికీ పక్కన కూర్చుంది. నేను కింద నిలబడ్డాను. ఏమైందో ఏమో, నోరు ఊరుకోలేదు.

"ఏమే, ఆ రోజు నీళ్ళు మన మెట్టు దాటలేదే."

"తెలుసక్కా. అమ్మ చెప్పింది ఎప్పుడో."

"మరి ఎందుకొచ్చి చచ్చావు నా పక్కకి?"

"నువ్వు అంత చెప్పాక నేను అటే నిలబడితే, ఎత్తుకున్న పిల్లే నమ్మట్లేదే అని ఎవరో ఒకరు అంటారు కదా. నీ ముఖం ఎక్కడ పెట్టుకుంటావు?" అంది. దెప్పుతున్నట్టు కాదు, పొయ్యి మీద పాలున్నాయి చూసుకో అన్నంత మామూలుగా అంది. "వెళ్ళు, ఎండెక్కుతోంది. బావ ఎదురుచూస్తాడు."

బస్సు కదిలింది. నేను ఏడ్చాను, దాచడమెందుకు. బస్టాండులో పల్లీలమ్మేవాడు కూడా చూశాడు. అది పోతోందని కాదు. ఎంత వెతికినా నా దగ్గర లేని మనసు దాని దగ్గర ఉందని, అది కూడా దానికే ఇచ్చారని ఏడ్చాను. అబద్ధం చెప్పి దాని ఇల్లు పడగొట్టిన మనిషిని నేను, అప్పుడు కూడా నాకు దాని మీద అసూయే.