రెండో దెబ్బ

కరెంటు ప్లాంటు క్లబ్బు హాల్లో తాతయ్య సంతాప సభ జరుగుతోంది. ఒకప్పుడు తాతయ్య దగ్గర జూనియరుగా పనిచేసినాయన మైకు పట్టుకుని, "సార్ జీవితంలో ఎవరి మీదా చెయ్యెత్తి ఎరగరు. చీమక్కూడా అపకారం చేసే మనిషి కాదు," అంటున్నాడు. ముందు వరసలో కూర్చున్న మనవరాలు తల వంచుకుంది. పక్కనున్న వాళ్ళమ్మకి కుడిచేతి రెండు వేళ్ళు వంగవు. మిగిలిన వేళ్ళతోనే కూతురి మణికట్టు పట్టుకుని మెల్లగా నొక్కింది.

తాతయ్య చెయ్యెత్తాడని ఆ ఇద్దరికీ తెలుసు. కన్నకొడుకు మీదే ఎత్తాడు.

తాతయ్య టర్బైన్ ఇంజనీరు. ఏళ్ళ తరబడి ఆ హోరులో పనిచేసి, ఎడమ చెవి అక్కడే వదిలేసి రిటైరయ్యాడు. ఆ తర్వాత ఆయన ఉద్యోగమల్లా మనవరాలే. బడికి దింపడం, లెక్కలు చెప్పడం, జడలు వెయ్యడం అన్నీ ఆయనే. పొట్టిగా, గట్టిగా ఉంటుందని పిల్లని 'బోల్టు' అని పిలిచేవాడు. జడలు ఎంత బిగించి అల్లేవాడంటే దాని కళ్ళు పైకి లాక్కుపోయేవి. "సాయంత్రం లోపల ఊడితే నన్నడుగు!" అనేవాడు గర్వంగా.

ఆయన కొడుకింటికి రెండు వీధుల అవతల ఒంటరిగా ఉండేవాడు. ఆ ఇంట్లో జరిగేది ఆయనకు తెలియదు. కోడలు పొడుగు చేతుల జాకెట్లు తొడుక్కుని దెబ్బలు దాచేది. తాతయ్యకి చెబితే గుండె ఆగిపోతుందని బోల్టు చేత ఒట్టు వేయించుకుంది. కొడుకు తాగుబోతు కాదు. వేళకు ఇంటికొచ్చి, చేతులు శుభ్రంగా కడుక్కుని, తర్వాత కొట్టేవాడు. కొట్టాక మళ్ళీ కడుక్కునేవాడు.

ఆ మధ్యాహ్నం తాతయ్య వాళ్ళ స్నానాలగదిలో గీజరు బాగుచేస్తున్నాడు. కొడుకు ఎన్నడూ లేంది ముందుగా వచ్చాడు. ఇస్త్రీ చేస్తున్న చొక్కా కాలి ఉండడం చూశాడు.

"మామయ్యగారు లోపలున్నారండీ," అంది కోడలు.

"అబద్ధాలు కూడా నేర్చావా?"

ఆమె పడగ్గదిలోకి పరిగెత్తబోయింది. అతను తలుపు లాగి వేశాడు. ఆమె చెయ్యి సందులో పడింది. అది చూసి కూడా మళ్ళీ వేశాడు. ఎముక విరిగిన చప్పుడు బోల్టుకి వినిపించింది. నీళ్ళ హోరులో తాతయ్యకి వినిపించలేదు. పిల్ల ఒట్టు సంగతి మరిచి, పరుగున వెళ్ళి ఆయన చొక్కా పట్టుకు లాగింది. పడగ్గది వైపు వేలితో చూపించింది.

తాతయ్య చేతిలోని పైపు రెంచితోనే వచ్చాడు. నెత్తురోడుతున్న చెయ్యి చూశాడు.

"ఎన్నాళ్ళ నుంచి అమ్మాయ్?"

"పెళ్ళయిన దగ్గర్నుంచీ, మామయ్యగారూ."

"ఇది మా సంసారం నాన్నా," అన్నాడు కొడుకు. "మీరు గీజరు చూసుకోండి."

"తప్పుకో. అమ్మాయిని ఆస్పత్రికి తీసుకెళ్ళాలి."

కొడుకు తప్పుకోలేదు. ఇంకా వేడి ఆరని ఇస్త్రీపెట్టె అందుకుని తండ్రి కుడి చెవి మీద ఈడ్చి కొట్టాడు. చర్మం కాలిన వాసన గుప్పుమంది. ముసలాయన గోడ వెంబడి జారిపోయాడు. కొడుకు ఆయన్ని కడుపులో తన్నాడు, డొక్కలో తన్నాడు. బోల్టు వెళ్ళి నాన్న పిక్క కొరికింది. నోరంతా ఉప్పగా నెత్తురు నిండినా వదల్లేదు. అతను జడ పట్టుకుని దాన్ని ఎత్తి బీరువాకేసి కొట్టాడు. పిల్ల నుదురు చిట్లింది.

తాతయ్య పడ్డచోటి నుంచే రెంచి విసురుగా తిప్పాడు. కొడుకు మోకాలు పక్కకి విరిగింది. పెడబొబ్బ పెట్టి కూలిపోయాడు. అక్కడితో అయిపోవాల్సింది. అతను ఇక లేవలేడు. "వద్దు నాన్నా, వద్దు!" అంటూ చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. తాతయ్య గోడ పట్టుకుని లేచాడు. కాళ్ళు నిలదొక్కుకున్నాడు. రెంచి రెండు చేతులా ఎత్తి ఆ చేతి మీద దించాడు. ముంజేతి ఎముక తోలు చీల్చుకుని తెల్లగా బయటికొచ్చింది.

బోల్టు ఆ క్షణంలో ఆయన మొహం చూసింది. ఆ మొహంలో తనకు తెలిసిన తాతయ్య ఎక్కడా లేడు.

మరుక్షణం ఆయన రెంచి పారేసి కొడుకు పక్కన కూలబడ్డాడు. తువ్వాలు చింపి చేతికి కట్టు కట్టి, నెత్తురు ఆగేదాకా రెండు అరచేతులతో అదిమి పట్టుకున్నాడు. "ఆస్పత్రికీ పోలీసులకీ ఫోన్ చెయ్యమ్మా," అన్నాడు కోడలితో.

వచ్చిన ఇన్‌స్పెక్టరు మంచివాడు. 'పిల్లని కాపాడటానికి కొట్టారు కదా?' అని కాగితమ్మీద రాసి చూపించాడు. అప్పటికే తాతయ్యకి రెండో చెవీ పోయింది. ఆయన చదివి తల అడ్డంగా ఊపాడు.

"మొదటిది పిల్ల కోసం. రెండోది నా కోపం. రెండూ రాసుకోండి."

కొడుక్కి జైలు పడింది. తండ్రికీ కొన్నాళ్ళు పడింది. బయటికొచ్చాక కోడల్నీ మనవరాల్నీ తన ఇంట్లోనే పెట్టుకుని, బోల్టు ఉద్యోగంలో చేరేదాకా కంటికి రెప్పలా చూసుకున్నాడు. పెదాల కదలిక చూసి మాట పట్టేయడం నేర్చుకున్నాడు. "నన్ను తిట్టాలంటే అటు తిరిగి తిట్టమ్మాయ్," అని కోడల్ని ఏడిపించేవాడు.

హాలు వెనక తలుపు తెరుచుకుంది. చేతికర్ర పొడుచుకుంటూ ఒక మనిషి ముందు వరస దాకా వచ్చాడు. జుట్టంతా నెరిసిపోయినా తల్లీకూతుళ్ళిద్దరూ తాతయ్య కొడుకుని వెంటనే గుర్తుపట్టారు.

"ఆయన... నా గురించి ఎప్పుడైనా అడిగాడా?" అన్నాడు కూతురితో, గొంతు తగ్గించి.

"అడిగేవారు. చెయ్యి సరిగ్గా అతుక్కుందో లేదోనని. మోకాలి మాట మాత్రం ఒక్కసారీ ఎత్తలేదు."

అతను చొక్కా చేతి మీంచి ముంజెయ్యి తడుముకున్నాడు. "అతుక్కుంది," అన్నాడు. భార్య పక్కన ఖాళీగా ఉన్న కుర్చీ వైపు చూశాడు.

ఆమె వంగని వేళ్ళ చెయ్యి ఆ కుర్చీ మీద పెట్టింది.

"వెనక కుర్చీలున్నాయి. అక్కడ కూర్చోండి."

అతను కర్ర ఊతంతో వెనక్కి నడిచి, ఆఖరి వరసలో కూర్చున్నాడు.