ఆఖరి మనిషి దిగాక

సైకిలు కడిగేటప్పుడు ముందు చైను జోలికి పోకూడదు. ముందు చక్రాలు, తర్వాత గొట్టాలు, ఆఖరున చైను. లేకపోతే ఆ నల్లజిడ్డంతా కడిగిన చోటికే మళ్లీ చిమ్ముతుంది. ఇది నాకెవరూ నేర్పలేదు. ఆదివారం తర్వాత ఆదివారం పెరట్లో పంపు దగ్గర గొంతుక్కూర్చుని నేర్చుకున్నాను. మా ఇంట్లో పాత టూత్‌బ్రష్షులు చెత్తలోకి పోవు. ఎవరివి అరిగినా చైనుకే. మా అత్తయ్య బ్రష్షు కుచ్చు గట్టిది, సందుల్లోకి బాగా దూరుతుంది.

అది మామూలు సైకిలు కాదు. లావు టైర్లు, ముందు చక్రానికి స్ప్రింగులు, కొండలెక్కి దిగడానికి చేసింది. ఇంట్లోకి వచ్చినవాళ్లకి మా ఆయన ముందు దాన్ని చూపిస్తారు, తర్వాత నన్ను టీ పెట్టమంటారు. దాని మట్టి రంగు చూసి ఆయన ఎటు వెళ్లొచ్చారో చెప్పగలను. నల్లబురదయితే మురుగుకాలువ గట్టు. తెల్లదుమ్మయితే మూతపడ్డ రాళ్ల క్వారీ. ఎర్రమట్టయితే ఊరి చివర కొండ. మగవాడు ఎక్కడెక్కడ తిరిగొచ్చాడో బట్టలు ఉతికేవాళ్లకి తెలుస్తుందంటారు. మా ఆయన బట్టలు మట్టి తప్ప ఏమీ చెప్పవు. అదే నా అదృష్టమంటుంది మా అత్తయ్య.

"మగాడు తాగట్లేదు, పేకాడట్లేదు, ఇంకో గుమ్మం తొక్కట్లేదు. సైకిలేగా తొక్కుతున్నాడు. నీ అంత సుఖపడ్డది ఎవరే?"

నేను ఈ ఇంటికొచ్చిన కొత్తలో ఈ మాటకి కోపమొచ్చేది. పిల్ల పుట్టాక ఏడుపొచ్చేది. ఆ పిల్ల హాస్టల్లో చేరి చదువుకుంటోంది, ఇప్పుడు నాకు ఏమీ రావట్లేదు. చన్నీళ్లలో ఎక్కువసేపు ఉంచిన చెయ్యి ఎలా ఉంటుందో అలా ఉంటుంది. గిల్లితే ఎవరినో గిల్లినట్టుంటుంది. అది ఓర్పనుకుని అత్తయ్య పదిమందిలో మెచ్చుకుంటుంది కూడా.

కొండ మీద సైకిలు దారిని వాళ్లు ట్రైలు అంటారు. వాళ్లంటే మా ఆయన, ఆయన స్నేహితులు. అందరికీ పెద్ద ఒక పళ్ల డాక్టరు. ఊరి చుట్టూ ఉన్న ట్రైళ్లన్నీ వీళ్లే వేశారని పేపర్లో కూడా వచ్చింది. ఫొటోలో గడ్డపార పట్టుకుని నిలబడ్డారు. కొండ ట్రైలు వేసిన వేసవిలో ముళ్లకంప కొట్టింది, రాళ్లు మోసింది వాళ్ల ఇళ్లలో ఆడవాళ్లం. పిక్నిక్కని తీసుకెళ్లారు. కొండ నడుమ ఒక గట్టి మలుపుంది. అక్కడ మట్టి జారిపోకుండా అడుగున రాళ్లు పేర్చి గోడలా కట్టింది నేనే. దాన్ని డాక్టరు మలుపంటారు, మొదట పడ్డది ఆయన కాబట్టి. వాళ్లలో ఆచారం అది, పడ్డవాడి పేరే మలుపుకి పెడతారు. రాళ్లు మోస్తూ అదే చోట నేను కూడా పడ్డాను. మోచెయ్యి చీరుకుపోయింది. కానీ సైకిలు మీద నుంచి పడలేదుగా, ఉత్త మనిషి పడితే పడినట్టు కాదు.

వాళ్లకి ఇంకో ఆచారం కూడా ఉంది. జట్టుగా దిగే రోజున దారి పొడుగునా రంగు రిబ్బన్లు కడతారు. అందరూ దిగాక వెనక ఒకరు రావాలి. పడ్డవాళ్లెవరూ మిగిలిపోలేదని చూసుకుంటూ, రిబ్బన్లన్నీ విప్పుకుంటూ. ఆయన్ని ఆఖరి మనిషంటారు. కొండ కింద ఇనుప గేటు దగ్గర చెక్క బోర్డు ఒకటుంటుంది. ఒక వైపు 'పైన మనుషులున్నారు' అని, రెండో వైపు 'ఖాళీ' అని రాసి ఉంటుంది. ఆఖరి మనిషి దిగొచ్చి బోర్డు తిప్పేదాకా ఎవరూ ఇంటికి బయల్దేరకూడదు. మంచి పద్ధతే. మొదట్లో జట్టులో బాగా తొక్కేవాడికి ఆ పని ఇచ్చేవారు. అందరి వెనక మెల్లగా దిగడం ఎవరికీ నచ్చలేదు. వంతుల కోసం మాటామాటా పెరిగింది. అప్పుడు మా ఆయన, "మా ఆవిడ నడుచుకుంటూ వచ్చేస్తుందిలెండి, కిందే ఉంటుందిగా ఎలాగూ" అన్నారు. అప్పట్నుంచీ ఆఖరి మనిషిని నేనే. కింద టీ పొయ్యటం, పైకి నడవటం, విప్పుకుంటూ దిగటం, ఇంటికొచ్చి కడగటం. "చెల్లెమ్మ లేకపోతే మా జట్టు లేదు" అంటారు డాక్టరుగారు కప్పు చేతికిస్తూ. ఖాళీ కప్పు.

వారంలో ఆరు రోజులు నేను ఆసుపత్రిలో పనిచేస్తాను. ఆపరేషన్లలో వాడిన కత్తెర్లు, పట్టకార్లు కడిగి, ఉడికించి, గుడ్డలో చుట్టి లోపలికి పంపే గది మాది. కిటికీ లేని గది. ఆ గదిలో ఒకటే మాట వినపడుతుంది, లెక్క. లోపలికి ఎన్ని వెళ్లాయో బయటికి అన్నీ రావాలి. ఆపరేషన్ గదిలో లెక్క సరిపోయిందని గట్టిగా పైకి చెప్పాకే కుట్లు వేస్తారు. లేకపోతే ఎంత పెద్ద సర్జన్ అయినా చేతులు పైకి పెట్టుకుని నిలబడాల్సిందే. కొత్త యంత్రం వచ్చినప్పుడు ఫొటో తీయడానికి ఎవరో వచ్చారు. కడిగేవాళ్లు కాస్త పక్కకి జరగండమ్మా, అన్నారు. జరిగాం.

మా గదికి పెద్ద సిస్టరు ఆరు నెలల్లో రిటైరవుతున్నారు. ఆవిడ పోయిన వారం నన్ను పిలిచి కూచోబెట్టారు. ఆరు నెలల కోర్సు ఒకటుందట, ఆదివారాలు మాత్రమే క్లాసులట. అది చేస్తే గది బాధ్యత నాకే ఇమ్మని రాసిస్తానన్నారు. సోమవారం లోపల చెప్పాలి, లేకపోతే బయట నుంచి ఎవర్నో తెచ్చి పెడతారు, నువ్వే వాళ్లకి పని నేర్పుతూ కూచుంటావ్, అన్నారు. ఇంటికొచ్చేదాకా బస్సులో ఆ మాటనే చేతిలో పట్టుకుని వచ్చాను. సంతోషమేమో అనుకుని చూశాను. సరిగ్గా తెలియలేదు. ఏదో కదిలింది మాత్రం నిజం. చానాళ్లయింది అలా కదిలి.

ఆయన టైరుకి గాలి కొడుతున్నారు. చెప్పాను. "ఆదివారమా?" అన్నారు, నేనేదో కిడ్నీ అడిగినట్టు. గాలి చూసుకుని, మూత బిగించి, అప్పుడన్నారు: "ఆదివారం ట్రైలుంటుంది కదా. ఆఖరి మనిషి ఎవరు మరి?" అత్తయ్య వంటింట్లోంచే తీర్పు చెప్పింది. ఈ వయసులో పుస్తకాల సంచి తగిలించుకుంటావా, నీ కూతురు చదువుతోందిగా, ఇంటికొక చదువు చాలు. ఆయన నవ్వారు. నేను కూడా నవ్వాననుకుంటాను. సరే చూద్దాంలే, అన్నారాయన. మా ఇంట్లో చూద్దాం అంటే చూడరని.

ఇక్కడ తువ్వాలు సంగతి చెప్పాలి. మా ఆయన తువ్వాలు తీసుకుని స్నానానికి వెళ్లినట్టు నాకు గుర్తు లేదు. పెళ్లయిన కొత్తలో లోపల్నుంచి కేకేసేవారు. మధ్యాహ్నం నిద్ర చెడుతోందని అత్తయ్య విసుక్కున్నాక ఫోను పట్టుకెళ్లడం మొదలుపెట్టారు. స్నానాలగదిలోంచి వంటింటికి ఫోను. "తువ్వాలు" అని ఒక్క మాట, పెట్టేస్తారు. చెల్లెలికి చెప్తే పడీ పడీ నవ్వింది. తర్వాత, నువ్వెప్పుడైనా ఇవ్వకుండా ఉండి చూశావా అక్కా, అనడిగింది. ఇవ్వకుండా ఉండొచ్చు అనే ఆలోచనే నాకు రాలేదు. తలుపు సందులోంచి తడి చెయ్యి బయటికొస్తుంది, నేను పెడతాను. ఆ చెయ్యి నన్ను చూడదు. చేతికి కళ్లుండవు కదా.

ఆ ఆదివారం కొండ ట్రైలు. ఆయన కారులోనే వెళ్లాను, రిబ్బన్ల సంచి ఒళ్లో పెట్టుకుని. దారిలో సిస్టరు మాట ఇంకోసారి ఎత్తాను. రేపు చెప్పాలండీ, అన్నాను. "పొద్దున్నే మొదలెట్టకు" అన్నారు. ఒక్క రిబ్బను కూడా మిగలకూడదు, పోయినసారి ఒకటి మిగిలితే డాక్టరు పదిమందిలో అన్నాడు, నా పరువు పోయింది, అని కూడా అన్నారు. నేను టీ పోశాను. పైకి నడిచాను. వాళ్లు అరుచుకుంటూ దిగిపోయారు. ఒక్కొక్కరూ నన్ను దాటేటప్పుడు, దారి, దారి, అని కేకేస్తారు. పక్కకి జరిగి ముళ్లల్లో నిలబడతాను. అందరూ వెళ్లిపోయాక కొండ మీద ఒక నిశ్శబ్దం ఉంటుంది. మామూలుగా నాకది ఇష్టం. ఆ రోజు అది కూడా అందలేదు. చేతులు విప్పుతున్నాయి, కాళ్లు దిగుతున్నాయి.

డాక్టరు మలుపు దగ్గర గాలికి ఒక రిబ్బను ఎగిరి కంపలో చిక్కుకుంది. వదిలెయ్యొచ్చు. వదల్లేదు. నేను పేర్చిన రాళ్ల మీద కాలు పెట్టి, చెయ్యి గీరుకుపోతున్నా లాగాను. రాళ్లు కదల్లేదు, బాగానే కట్టానన్నమాట. అప్పటికే మబ్బు పట్టింది. నాలుగు చినుకులు పడి ఆగిపోయాయి.

గేటు దగ్గరికి వచ్చేసరికి ఎవరూ లేరు.

కార్లు లేవు. సైకిళ్లు ఆనించే కంచె బోసిగా ఉంది. టైర్ల గుర్తులు తడిమట్టిలో తిరిగి రోడ్డెక్కాయి. టీ కప్పులు మాత్రం ఉన్నాయి, ఒకదాంట్లో ఒకటి దోపి, నాకు సులువుగా ఉండాలని కాబోలు. బోర్డు తిప్పేసి ఉంది. 'ఖాళీ'.

ఏం జరిగిందో అర్థం కావడానికి పెద్ద తెలివి అక్కర్లేదు. డాక్టరుగారు కంచెకి ఆనించిన సైకిళ్ల హ్యాండిళ్లు లెక్కపెడతారు. హ్యాండిళ్లన్నీ వచ్చాయి. వాన వస్తోంది. బోర్డు తిప్పారు. నాకు హ్యాండిలు లేదు.

నేను ముందు కప్పులు ఏరాను. ఇది చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది కానీ అదే చేశాను. ఏరి సంచిలో వేసుకుని, రాయి మీద కూర్చుని, ఏడుపొస్తుందేమోనని చూశాను. రాలేదు. ఆసుపత్రిలో లెక్క సరిపోలేదంటే ఒక చిన్న సూది కోసం మనిషి పొట్ట తెరిచి పెట్టుకుని అంతమంది నిలబడతారు. ఇక్కడ లెక్క సరిపోయింది. కుట్లు వేసేశారు.

ఫోను మోగింది. ఆయనే. గుర్తొచ్చానన్నమాట అనుకున్నాను. లేచి నిలబడ్డాను కూడా, ఎందుకు అబద్ధం చెప్పడం.

"తువ్వాలు" అన్నారు. వెనక నీళ్ల చప్పుడు.

మళ్లీ రాయి మీద కూర్చున్నాను.

"వినపడుతోందా? సైకిలు పంపు దగ్గర పెట్టాను, ఎర్రమట్టి, ఆరితే పట్టేస్తుంది. ముందు తువ్వాలిచ్చి వెళ్లు."

"నేను ఇంట్లో లేనండీ."

నీళ్ల చప్పుడు ఆగింది. "ఎక్కడికెళ్లావ్?"

పొద్దున తన పక్క సీట్లో కూర్చోబెట్టుకుని తీసుకొచ్చిన మనిషి అడుగుతున్నాడు. ఇల్లు చేరి, గేటు తీసుకుని, సైకిలు దింపుకుని, బట్టలు విప్పుకుని, ఇంత చేసేదాకా వంటింట్లో చప్పుడు లేదన్న సంగతి ఆయనకి తట్టలేదు. ఆయన లెక్కలో ఆ చప్పుడు ఎలాగూ నాది కాదు, ఇంటిది.

"కొండ దగ్గరున్నాను. ఇప్పుడే దిగాను."

అటువైపు ఎక్కడో పంపు చుక్కలు కారుతోంది. "డాక్టరు కార్లో ఎక్కావనుకున్నా" అన్నారు. తర్వాత, "బోర్డు కూడా ఆయనే తిప్పాడు. లెక్క సరిపోయిందన్నాడు."

"హ్యాండిళ్ల లెక్క."

"ఆఁ, అవును మరి" అన్నారు. తప్పు తనది కాదని తేలినందుకు గొంతు కుదుటపడింది. "అక్కడే ఉండు, వస్తున్నా." తర్వాత, కొంచెం మెల్లగా, "ఇంతకీ తువ్వాళ్లు ఎక్కడుంటాయి?"

ఇన్నేళ్లలో ఆ మనిషి నన్ను నిజంగా తెలియక అడిగిన ప్రశ్న అదొక్కటే అనుకుంటాను. జాలి కూడా వేసింది, దూరపు చుట్టం మీద వేసినంత.

"పడగ్గదిలో అల్మారా, రెండో అర" అన్నాను. "తడి కాళ్లతో వెళ్లకండి, జారతారు. మీరు రావద్దు. రోడ్డు మీద బస్సుంది."

పెట్టేశాను. తర్వాత పెద్ద సిస్టరుకి చేశాను. ఆదివారం పూట ఏంటమ్మా, అన్నారావిడ. కోర్సుకి నా పేరు రాయండి సిస్టర్, అన్నాను. ఆవిడకి మా ఇంటి సంగతి తెలుసు. "ఇంట్లో అడిగావా?" అన్నారు.

"ఇక అడగను సిస్టర్. చెప్తాను."

రిబ్బన్ల సంచి గేటుకి తగిలించాను. వచ్చే ఆదివారం ఎవరికి కావాలంటే వాళ్లు తీసుకుంటారు. కప్పులు కూడా అందులోనే ఉన్నాయి. చెయ్యి గీరుకున్న చోట మంట మొదలైంది. మలుపు దగ్గర గీరుకున్నప్పుడు తెలియలేదు, ఇప్పుడు సన్నగా, స్పష్టంగా మండుతోంది. నా చెయ్యే.

రోడ్డు ఎక్కే ముందు వెనక్కి తిరిగి చూశాను. బోర్డు ఇంకా 'ఖాళీ' అనే చెప్తోంది. వెళ్లి తిప్పాల్సిన పని లేదు. ఆఖరి మనిషి దిగిపోయింది.