పద్దెనిమిదేళ్ల ముఖం

తప్పిపోయిన పిల్లల్ని వెతికిపెట్టే ఆ ఆఫీసులో ఆవిణ్ణి పేరుపెట్టి పిలిచేవాళ్లు లేరు. వాచ్‌మన్ దగ్గర్నుంచి డైరెక్టరుగారి దాకా అందరికీ ఆవిడ బొమ్మలక్కే. పందొమ్మిదేళ్లుగా ఆవిడ పని ఒకటే. ఎప్పుడో తప్పిపోయిన పిల్ల ఫోటో ఒకపక్క, అమ్మానాన్నల ఫోటోలు ఇంకోపక్క పెట్టుకుని, ఆ పిల్ల ఇప్పుడు ఎలా ఉంటుందో పెన్సిలుతో గీయడం. ఆ బొమ్మ పోస్టరుగా బస్‌స్టాండ్లలో, స్టేషన్లలో గోడలకెక్కేది.

"నా బొమ్మ చూసి 'అదిగో, ఆ పిల్లే' అనక్కర్లేదు. 'ఇలాంటి పిల్లని ఎక్కడో చూశానే' అనుకుంటే చాలు" అనేది ఆవిడ.

ఒక సోమవారం డైరెక్టరుగారు పిలిచారు.

"బొమ్మలక్కా, ఇంకా పెన్సిలేమిటండీ! అచ్చం ఫోటోలాగే ముఖాలు తయారుచేసే ఏఐ యాప్‌లు మూడు చూశాం. నెల రోజులు వాడి చూడండి. ఏది కొనాలో మీరే చెప్పాలి. ముఖాల సంగతి మీకంటే తెలిసినవాళ్లు ఎవరున్నారిక్కడ?"

అది పొగడ్తో, పొమ్మనడమో ఆవిడకి అంతుపట్టలేదు. అయినా పనంటే పనే. బీరువాలోంచి, దొరికి ఇళ్లకు చేరినవాళ్ల ఫైళ్లు ఆరు తీసింది. వాళ్ల చిన్నప్పటి ఫోటోలూ ఉన్నాయి, దొరికాక తీసినవీ ఉన్నాయి. చిన్నప్పటివి యాప్‌లకిచ్చి, వచ్చిన ముఖాన్ని అసలు ముఖం పక్కన పెట్టి చూడాలనుకుంది. ఏడోదిగా తన చిన్నప్పటి ఫోటో కూడా కలిపింది.

మొదటి యాప్ నలభై సెకన్లలో పని ముగించేది. చర్మం మీద నూగు, కళ్లలో కిటికీ వెలుతురు, చెదిరిన వెంట్రుకతో సహా అన్నీ ఉండేవి. ఫోటో కాదంటే ఎవరూ ఒప్పుకోరు. కాకపోతే అందరూ సబ్బు ప్రకటనలోంచి లేచొచ్చినట్టుండేవాళ్లు. తన ముఖం చూసుకుని బొమ్మలక్కకి నవ్వాగలేదు. అమ్మ బతికుండి చూస్తే, ఎవరే ఈ మహారాణి అని అడిగేది. రెండోది చంటిపిల్ల ముఖాన్నే సాగదీసి పెద్ద తలకాయకి అతికించేది. మూడోది నత్తనడక. సవాలక్ష ప్రశ్నలడిగి, చివరికి చప్పటి ముఖం ఒకటి ఇచ్చేది. అయినా ఏడింట్లో రెండు దగ్గరదగ్గరగా వచ్చాయి.

మూడింటికీ లేనిది ఒకటుందని ఆవిడకి నెలాఖరుకి అర్థమైంది. దొరికినవాళ్ల ముఖాల మీద ఆకలి ఉంది, దెబ్బలున్నాయి, ఎవరికీ చెప్పకుండా మింగినవేవో ఉన్నాయి. యాప్‌లు ఏళ్లు కలిపాయి గానీ, ఆ ఏళ్లలో ఏం జరిగిందో వాటికి తెలియదు.

అరపేజీ రిపోర్టు రాసింది. "కొనక తప్పదంటే మూడోది నయం. నన్నడిగితే ఏదీ వద్దు. బొమ్మని చూసినవాళ్లు ఆలోచిస్తారు. ఫోటోని చూసినవాళ్లు నమ్మేస్తారు."

డైరెక్టరుగారు రెండుసార్లు చదివారు. "నమ్మడమేగా బొమ్మలక్కా మనకి కావలసింది?" అని మొదటిదానికి టిక్కు పెట్టారు.

ఆ యాప్‌కి వెళ్లిన మొదటి ఫైలు చిట్టిది. కుట్టుమిషన్లు బాగుచేసే ఒక మెకానిక్ కూతురు. ఏడేళ్లప్పుడు బస్‌స్టాండు రద్దీలో చెయ్యి జారిపోయింది. పదకొండేళ్లయింది. ఆ బెంగతోనే తల్లి కూడా పోయింది. మెకానిక్ మాత్రం ప్రతి నెలా మొదటి గురువారం వచ్చి, గోళ్లలో నూనె మరకలు కనపడకుండా చేతులు ముడుచుకుని బెంచీ మీద కూర్చునేవాడు.

కంప్యూటరు మీద పద్దెనిమిదేళ్ల చిట్టి కనపడగానే ఆయన లేచి నిలబడ్డాడు.

"నవ్వుతోంది" అన్నాడు. తెరకి ఇంకాస్త దగ్గరగా వంగి, "బుగ్గలు చూడండమ్మా. వేళకి తింటోందన్నమాట" అన్నాడు.

"అన్నయ్యా, ఇది ఫోటో కాదు. మిషను ఊహించి వేసింది, అంతే."

"తెలుసమ్మా, తెలుసు" అన్నాడు గానీ తెరమీంచి కళ్లు తిప్పలేదు. పోస్టర్లు వెళ్లాల్సిన చోటికల్లా వెళ్లాయి. ఆయన ఒకటి ఫ్రేము కట్టించి దుకాణంలో తగిలించుకున్నాడు. ఉదయం షట్టరు ఎత్తగానే దానితో రెండు మాటలు మాట్లాడి పనిలో కూర్చుంటున్నాడని పక్క దుకాణంవాళ్లు చెప్పారు.

ఎనిమిది నెలల తర్వాత ఆఫీసుకి ఒక అమ్మాయి వచ్చింది. ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు ఉతుకుతుందట. ఎండిపోయిన మనిషి. ముందుపన్ను సగం విరిగింది. మెడ పక్కన పాత గాటు ఒకటి. మాట్లాడేటప్పుడు చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంటోంది.

"పోస్టరు మా గేటు పక్కనే ఉందక్కా. రోజూ చూస్తూనే ఉన్నాను. ఎవరో కలిగినవాళ్ల పిల్ల అనుకున్నాను. మొన్న మా సూపర్‌వైజరమ్మ కింద రాసింది చదివి వినిపించింది. ఎడమ మోచేతి కింద నెలవంకలా కాలిన మచ్చ అని." మోచెయ్యి తిప్పి చూపించింది.

బొమ్మలక్క ఆ మచ్చ మీదికి వంగింది. "ఇంట్లో ఏం గుర్తుంది నీకు?"

"కుట్టుమిషను. పెడల్ మీద నాన్న కాలు, నాన్న కాలి మీద నా కాలు."

చెవి తమ్మె చెంపకి అతుక్కున్న తీరు, కుడి కనుబొమ చివర చిన్న సుడి, పదకొండేళ్లలో ఎన్నిసార్లు గీసిందో ఆవిడకే లెక్కలేదు. ఇంకేమీ అడగలేదు. మెకానిక్‌కి ఫోన్ చేసింది.

ఆయన ఇస్త్రీ చొక్కా తొడుక్కుని పరుగులాంటి నడకతో వచ్చాడు. గదిలో అమ్మాయి నిలబడి ఉంది. ఆయన ఆమెని చూశాడు, ఆమె వెనక తలుపు వైపు చూశాడు.

"చిట్టి ఏదమ్మా?"

 బొమ్మలక్క అమ్మాయి భుజం మీద చెయ్యి వేసింది. ఆయన జేబులోంచి యాప్ వేసిన ఫోటో తీసి ఒకసారి దాన్ని, ఒకసారి అమ్మాయిని చూశాడు.

"ఈ పిల్ల కాదమ్మా."

"అన్నయ్యా, మచ్చ చూడండి. కుట్టుమిషను సంగతి చెప్పింది..."

"మచ్చలు ఎంతమందికి ఉండవు? మిషన్లు ఎన్ని ఇళ్లలో లేవు?" ఆయన గొంతులో కోపం లేదు. ఏదో మీద పడబోతుంటే తప్పుకుంటున్నవాడి భయం ఉంది. "మా చిట్టి ఇలా ఉండదు. ఇంత కష్టం పడి ఉండదు. ఈ ఫోటో మీరే కదమ్మా ఇచ్చారు!"

రక్తపరీక్షతో పదిరోజుల్లో తేలిపోతుందని ఆవిడ చెప్పింది. మీ ఇష్టం అంటూ ఆయన గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగాడు. "పాపం, ఎవరి బిడ్డో. దీనికీ ఎవరో ఒకరు దొరికితే బాగుణ్ణు" అని వెళ్లిపోయాడు.

అమ్మాయి ఏడవలేదు. "నాన్నే అక్కా. ఆ గొంతు వినగానే తెలిసిపోయింది" అంది. "పరీక్ష మాత్రం వద్దు."

"ఎందుకే తల్లీ? కాగితం చేతిలో పెడితే ఆయనే నమ్ముతాడు."

"నమ్ముతాడు, తీసుకెళ్తాడు. తీసుకెళ్లి, అన్నం పెట్టినప్పుడల్లా ఆ ఫోటో వంక చూస్తాడు. అది నావల్ల కాదక్కా."

బొమ్మలక్క బతిమాలింది, కసిరింది, చివరికి చేతులు పట్టుకుంది. వారం ఆగి లాండ్రీకి వెళితే, పని మానేసిందని, ఎక్కడికి పోయిందో తెలియదని చెప్పారు. అమ్మాయి ఇష్టపడకుండా పరీక్ష ఎలాగూ కుదరదని, ఫైలులో ఒక ముక్క రాసి ఊరుకోమని డైరెక్టరుగారు అన్నారు. ఆవిడ ఒక్కర్తే మెకానిక్ దుకాణానికి రెండుసార్లు వెళ్లి చెప్పింది. ఆయన విన్నాడు, టీ తెప్పించాడు, తల అడ్డంగా ఊపాడు.

తర్వాతి నెల మొదటి గురువారం ఎప్పటిలాగే వచ్చి బెంచీ మీద కూర్చున్నాడు.

"చిట్టికి పంతొమ్మిది వచ్చాయి కదమ్మా. కొత్త ఫోటో తీస్తారా?"

బొమ్మలక్క కీబోర్డు దగ్గరికి లాక్కుంది. తర్వాత యాప్‌లో ఒక్కొక్కటే రాసింది. ఎండిన బుగ్గలు, సగం విరిగిన పన్ను, మెడ పక్కన గాటు. నలభై సెకన్లకి తెరమీద ఇంచుమించు ఆ లాండ్రీ అమ్మాయే వచ్చి నిలబడింది.

ఆయన చూసి ముఖం తిప్పేసుకున్నాడు. "ఇది కాదమ్మా. ఇంకోటి తియ్యండి."

ఆవిడ రాసినవన్నీ చెరిపేసింది. మళ్లీ నలభై సెకన్లు. ఈసారి వచ్చిన పిల్ల నవ్వుతోంది, జుట్టు ఒత్తుగా ఉంది, బుగ్గలు నిండుగా ఉన్నాయి.

"ఆఁ" అని ఊపిరి వదిలి, ఆయన రెండు కాపీలు అడిగాడు. ఆవిడ తీసి ఇచ్చింది.