బకెట్టుతో చెప్పిన మాట

ఆ ఇంటి మధ్య గోడ లేచిన రోజున అన్నదమ్ములిద్దరూ దేన్నయినా వదులుకోవడానికి సిద్ధపడ్డారు గానీ, వాళ్ల పెళ్లాలు మాత్రం కుళాయిని వదులుకోలేదు. వాళ్ల అరుపులు విని విని విసిగిపోయిన మేస్త్రీ, కుళాయి ఉన్న చోట మనిషి పట్టేంత కంత వదిలేసి, మిగతా గోడంతా తలెత్తు లేపి, తన దారిన తను పోయాడు. అప్పటినుంచి పొద్దున్నే నీళ్లు రాగానే ఇటు బిందెతో పెద్దక్క, అటు బకెట్టుతో చిన్నక్క, ఆ కంతకి చెరోవైపు నిలబడతారు. ఇద్దరూ తోడికోడళ్లు. కాలనీ అంతా వాళ్లని పెద్దక్క, చిన్నక్క అనే పిలుస్తుంది. వాళ్లు మాత్రం ఒకరినొకరు ఏమీ పిలుచుకోరు.

మాటల్లేవని కాదు. మాటలు బోలెడు. కాకపోతే ముఖం చూసి మాట్లాడుకోరు, అంతే. పెద్దక్క అనదల్చుకున్నది తన బిందెతో అంటుంది. చిన్నక్క తన బకెట్టుతో అంటుంది. "ఏమే బిందే, కొందరి ఆవులు పేడ వేసేది మన నెత్తినేనటే" అని ఇటునుంచి వస్తే, "ఏమే బకెట్టూ, కొందరికి ముక్కు మాత్రం మహారాణి ముక్కు" అని అటునుంచి వెళ్తుంది. ఆ సామాన్లకే కాళ్లుంటే ఎప్పుడో కాలనీ వదిలి పారిపోయేవి. ఏళ్ల తరబడి ఇదే తంతు. చూసే జనానికి ఖర్చు లేని వినోదం.

పెద్దక్క కోడలికి మాత్రం ఇది మింగుడుపడేది కాదు. బేకరీలో పనిచేసే పిల్ల. ఏదున్నా ముఖం మీద అనేసి, ఆ తర్వాత అన్నం పెట్టి తినమనే రకం. "ఇదేం పద్ధతి అత్తయ్యా? తిట్టుకుంటే తిట్టుకోండి, మనిషిని చూసి తిట్టుకోండి. మధ్యలో ఆ బిందేం పాపం చేసింది?" అనేది. "నీకు తెలీదులే అమ్మాయ్, దాని ముఖం చూస్తే ఆ పూట నాకు ముద్ద దిగదు" అనేది పెద్దక్క.

కాలనీ మొత్తానికి ఉన్నది ఒక్కటే బోరు. అది చిన్నక్క పెరడు చివర ఉంటుంది. మోటారు వేసేది, ట్యాంకు నింపేది, నీళ్లు వదిలేది చిన్నక్క మొగుడే. బోరుకి పైవాటున చిన్నక్క ఆవుల కొట్టం, దాని పక్కనే పేడకుప్ప. వానొస్తే ఆ కుప్ప రసమంతా ఎటు పోతుందో చెప్పడానికి ఇంజనీరు అక్కర్లేదు. పెద్దక్క ఈ మాట మీద ఎన్నోసార్లు ఒంటికాలి మీద లేచింది. అందులో న్యాయం ఉంది. అయితే ఆ కంపుకి బదులు తీర్చుకోవాలని, తన మరుగుదొడ్డి గుంటని కావాలనే గోడవారగా, సరిగ్గా చిన్నక్క వంటగది కిటికీకి ఎదురుగా తవ్వించిందే, ఆ న్యాయం మాత్రం ఆవిడ ఎవరితోనూ చెప్పదు. కంపు గోడ దాటితే చాలనుకుంది. కింద నేలలోకి ఏం దిగుతోందో ఆవిడా చూడలేదు, ఈవిడా చూడలేదు. గోడ కట్టినవాళ్లు భూమి లోపల కూడా కట్టామనుకున్నారు కాబోలు!

ఇలాంటి ఇంట్లో బుజ్జిగాడు పుట్టాడు. పెద్దక్క కొడుకు లారీ మీద ఊళ్లు పట్టుకు తిరుగుతాడు, నెలలో ఎక్కువ రోజులు ఇంటి ముఖం చూడడు. కోడలికి పాలు సరిగ్గా పడలేదు. డబ్బా పాలే గతి అయింది. మూడో నెల రాగానే కోడలు మళ్లీ బేకరీ మెట్లెక్కింది, పగలంతా వాడు నాయనమ్మ చేతిలోనే. పెద్దక్క నోరు ఎంత చేదో వాడి దగ్గర అంత తీపి. వాడు బోసినోరు తెరిచి నవ్వితే ఆవిడకి ఎవరిని తిట్టబోతోందో కూడా మర్చిపోయేంత సంబరం. ఆవిడకి ప్రపంచంలో వాడొక్కడే సొంతం, మిగతా అంతా పేచీ.

వాడి పాలకి నీళ్లు కాయడం ఆవిడకో పూజలాంటిది. మందపు గిన్నె వేరే పెట్టింది. దాన్ని ఇంకెవరూ ముట్టుకోకూడదు. నీళ్లు తెర్లాక కూడా పొయ్యి దగ్గరనుంచి కదలదు. చల్లారాక గిన్నె అడుగున తెల్లటి పొర కనపడితే, మలినమంతా దిగిపోయిందని మురిసిపోయేది. "డబ్బా నీళ్లు కొందామా అత్తయ్యా, పిల్లాడికేగా" అని కోడలు ఒకసారి అడిగితే, ఆవిడకి తల కొట్టేసినట్టయింది. "నా చేత్తో కాచిన నీళ్లకంటే ఎవడో సీసాలో పట్టిందే గొప్పదయిందా? నీ మొగుణ్ణి ఈ నీళ్లతోనే పెంచాను. చూశావుగా ఎలా ఉన్నాడో, గుమ్మంలో పట్టడు." కోడలు నోరు మూసుకుంది. పిల్లాణ్ణి ఆవిడ చేతిలో పెట్టి పనికి పోవాల్సిన మనిషి, ఎంతని వాదిస్తుంది?

అలా ఉండగా నీళ్ల ఆఫీసునుంచి ఒక అమ్మాయి వచ్చి ట్యాంకు నీళ్లు సీసాలో పట్టుకెళ్లింది. మళ్లీ వచ్చినప్పుడు ముఖం గంటు పెట్టుకుని వచ్చింది. మోటారు దగ్గర చిన్నక్క తప్ప ఎవరూ లేరు. ఆవిడతోనే చెప్పింది. నీళ్లు పరీక్షలో తప్పాయి, పసిపిల్లలున్న ఇంట్లో ఈ నీళ్లతో పాలు కలపకూడదు, కాచినా పోదు, కాచేకొద్దీ ఎక్కువవుతుంది, ఆ ఇల్లేదో మీరే చెప్పండి అంది. కాలనీలో పసిపిల్లాడున్న ఇల్లు ఒక్కటే. చిన్నక్క గోడ వైపు చూసింది.

"నే చెబుతాలెండి" అంది.

చెప్పింది కూడా. మర్నాడు పొద్దున్నే కంత దగ్గర బకెట్టు పెట్టి, గొంతు పెంచి చెప్పింది. "ఏమే బకెట్టూ, ఆఫీసు పిల్ల చెప్పిందే. ఈ నీళ్లు పసివాళ్లకి పనికిరావటే. కాస్తే ఇంకా చేటట." అక్కడితో ఆపి ఉంటే బాగుండేది. కానీ ఏళ్లుగా అలవాటైన నాలుక, ఊరుకుంటుందా? "కొందరు గిన్నె పొయ్యి మీద పెట్టగానే పెద్ద డాక్టర్లైపోయామనుకుంటారే. ఇప్పుడేం చేస్తారో చూడాలి."

పెద్దక్కకి ఒళ్లు మండిపోయింది. అందులో మొదటి సగం ఆవిడ చెవిన పడింది, రెండో సగం గుండెలో గుచ్చుకుంది. గుచ్చుకున్న దాని ముందు చెవిన పడ్డది ఎక్కడ నిలుస్తుంది? "ఏమే బిందే, పేడ చేతులకి వైద్యం కూడా వచ్చేసిందటే! నీళ్లని పాడు చేసిందీ వాళ్లే, మనల్ని కాచుకోవద్దనేదీ వాళ్లే. మన పిల్లాడు పచ్చగా ఉంటే ఓర్వలేకే!" అని, నిండీ నిండని బిందె చంకనెత్తుకుని లోపలికి పోయింది.

నీళ్లు పాడయ్యాయన్న మాటని మాత్రం ఆవిడ నమ్మింది. నమ్మకపోవడమేం, పొంగిపోయింది. ఇన్నాళ్లూ తను నెత్తీనోరూ కొట్టుకుని చెప్పిందదేగా! పాడైన నీళ్లని ఏం చేయాలో కూడా ఆవిడకి తెలుసు. ఎప్పుడూ కాచేదానికంటే ఇంకాసేపు కాయాలి. గిన్నెడు నీళ్లు సగం గిన్నె అయ్యేదాకా, వంటగది గోడలకి చెమట పట్టేదాకా కాచింది. ఆ ఆవిరి కిటికీలోంచి గోడ దాటి చిన్నక్క ఇంటి వైపు పోతుంటే చూసి, మనసులోనే మూతి తిప్పింది. చూడవే, నువ్వు వద్దన్న పనే చేస్తున్నాను!

రోజూ అంతే. పిల్లాడు పాలు తాగుతున్నాడు, నిద్రపోతున్నాడు. నిద్ర కొంచెం ఎక్కువే పోతున్నాడు. ఎదిగే పిల్లాడు, నిద్రపోడా మరి అనుకుంది. నవ్వడం తగ్గించాడు. అది మాత్రం ఆవిడకి నచ్చలేదు గానీ, పళ్లొచ్చే వేళేమోనని సరిపెట్టుకుంది.

ఆ మధ్యాహ్నం బేకరీలో పొయ్యి చెడిపోయి కోడలు తొందరగా ఇల్లు చేరింది. చెప్పులు విప్పకుండానే ఉయ్యాల్లోకి తొంగి చూసింది.

"అత్తయ్యా, వీడి పెదాలేంటి ఇలా ఉన్నాయి?"

"ఎలా ఉన్నాయి?"

"నీలంగా ఉన్నాయి. గోళ్లు చూడండి. నీలంగా..."

"చలికి అయ్యుంటుందే. దుప్పటి..."

"ఎండ మండిపోతుంటే చలేంటి!" అని కోడలు అరిచిన అరుపుకి పెద్దక్క చేతిలో గరిటె జారిపోయింది. పిల్లాణ్ణి ఎత్తుకుంటే తల వాలిపోయింది. ఏడుపు కూడా రాలేదు వాడికి. ఆవిడ పై ప్రాణాలు పైనే పోయాయి. వీధిలో ఆటో దొరికేదాకా ఆ ఇద్దరాడవాళ్లూ ఎలా పరుగెత్తారో, కొంగు ఎక్కడ జారిందో, తలుపు వేశారో లేదో వాళ్లకే తెలీదు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ పిల్లాణ్ణి లోపలికి పట్టుకుపోయింది. చాలాసేపటికి బయటికొచ్చి, మందెక్కుతోంది, రంగు తిరుగుతోంది, ప్రాణానికి భయం లేదు, కానీ కొన్నాళ్లు ఇక్కడే ఉండాలి అంది. ఆ తర్వాత కూర్చోబెట్టి అడిగింది. ఏం పాలు? ఏ నీళ్లు? బోరు నీళ్లా? ఎలా ఇస్తున్నారు?

"సగానికి సగం కాచి ఇస్తున్నానమ్మా" అంది పెద్దక్క. ఆ మాటలో ఇంకా కాస్త గొప్ప మిగిలే ఉంది.

డాక్టరమ్మ కళ్లు మూసి తెరిచింది. "చూడండమ్మా. పురుగైతే కాస్తే చస్తుంది. ఇది పురుగు కాదు. నైట్రేటు అంటారు. పేడలోంచి, దొడ్డి గుంటల్లోంచి నేలలోకి దిగి నీళ్లలో కలుస్తుంది. మీరు కాస్తే నీళ్లు ఆవిరై పోయాయి, అది గిన్నెలోనే ఉండిపోయింది. సగం చేశారు కాబట్టి రెట్టింపైంది. పసివాళ్ల రక్తం దాన్ని తట్టుకోలేదు." తర్వాత గొంతు తగ్గించి అడిగింది. "కాయొద్దని మీకెవరూ చెప్పలేదా?"

కోడలు తలెత్తి అత్త వైపు చూసింది.

"లేదమ్మా" అంది పెద్దక్క. "నాకెవరూ చెప్పలేదు."

కోడలు ఆవిడ చెయ్యి పట్టుకుంది. "మీరు మాత్రం కావాలని చేశారా అత్తయ్యా" అంది. ఆ చెయ్యి ఆవిడకి నిప్పులా తగిలింది.

మర్నాడు పొద్దున కోడలు ఆవిడని ఇంటికి పంపింది, కాస్త నడుం వాల్చమని. పెద్దక్క నడుం వాల్చలేదు. తిన్నగా కంత దగ్గరికి వెళ్లింది, బిందె లేకుండా. చిన్నక్క అటువైపు ఆవుల కుడితికి నీళ్లు పడుతోంది. అలవాటు కొద్దీ బకెట్టు వైపే చూస్తోంది.

"నిన్నేనే" అంది పెద్దక్క. "నీ బకెట్టుని కాదు."

చిన్నక్క తలెత్తింది. ఎన్నో ఏళ్ల తర్వాత ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఇద్దరూ ముసలివాళ్లైపోయారు.

"పిల్లాడెలా ఉన్నాడు?"

"వాడి ఊసెత్తకు. నీ కుళ్లు నీళ్లకి ఆసుపత్రి పాలయ్యాడు. తెలిసి కూడా నోరు మూసుకు కూర్చున్నావు కదే, పాపిష్టిదానా."

"కుళ్లు నాదొక్కదాందేనా? నా కిటికీ కింద తవ్విన గుంట ఎవరిది?" చిన్నక్క కుళాయి కట్టేసింది. "నోరు మూసుకోలేదు. ఆ మర్నాడే చెప్పాను. కాయొద్దని చెప్పాను."

"నాతో చెప్పలేదు. బకెట్టుతో చెప్పావు."

"నువ్వు ఇక్కడే నిలబడ్డావుగా. నీకు వినపడలేదా?"

అబద్ధం నాలిక చివరే ఉంది. నిన్న డాక్టరమ్మ ముందు సునాయాసంగా వచ్చిన అబద్ధమే. కానీ ఈ మనిషి ముందు అబద్ధమాడటానికి వీల్లేదు. ఆ రోజు ఆవిడకేం వినపడిందో తెలిసిన మనిషి లోకంలో ఇదొక్కతే.

"వినపడింది" అంది పెద్దక్క. "నువ్వు చెప్పావు కాబట్టే ఇంకా కాచాను."

చిన్నక్క చూపు ఆవిడ భుజం మీదుగా వెనక్కి పోయింది. పెద్దక్క తిరిగి చూసింది. పిల్లాడి దగ్గర తన తల్లిని కూర్చోబెట్టి, వాడి బట్టల కోసం వచ్చిన కోడలు, పెరటి గుమ్మంలో నిలబడి ఉంది.

ఆ పిల్ల అరుస్తుందనుకుంది పెద్దక్క. అరిస్తే బాగుండుననుకుంది. ముఖం మీద అనేసే పిల్ల కదా, నాలుగూ అంటుంది, తను పడుతుంది, కాళ్లైనా పట్టుకుంటుంది. కోడలు ఏమీ అనలేదు. లోపలికి వెళ్లి బట్టలు సంచిలో కుక్కింది. పాల డబ్బా, సీసా అందులోనే పడేసింది. పెద్దక్క వెనకే వెళ్లి వంటగది గుమ్మంలో నిలబడింది. "అమ్మాయ్" అంది. మళ్లీ "అమ్మాయ్, ఒక్కసారి నా ముఖం చూడవే" అంది.

కోడలు పొయ్యి దగ్గర ఆగింది. మందపు గిన్నె అక్కడే ఉంది, అడుగున తెల్లటి పొరతో. ఆ పిల్ల గిన్నె వైపే చూస్తూ మాట్లాడింది.

"ఏమే గిన్నే, బుజ్జిగాడు ఇక మా అమ్మ దగ్గరే పెరుగుతాడు. ఎవరైనా అడిగితే చెప్పు."

సంచి భుజాన వేసుకుని, పెద్దక్క పక్కనుంచి ఒదిగి, బయటికి వెళ్లిపోయింది.